పక్కింటివాడికి కాలమ్ లేదు

పేపర్లో మొదటి పేజీ చదివే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. నేను వెతుక్కునేది లోపలి పేజీల్లో, 'నా పేరు మార్చుకున్నాను' ప్రకటనలకీ, 'అసలు దస్తావేజులు పోయినవి' ప్రకటనలకీ మధ్య ఇరుక్కుని వచ్చే నాలుగు వరుసల ముక్క. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఇన్ని చదరపు మీటర్లు, నివాస వినియోగం నుంచి వాణిజ్య వినియోగానికి మార్చే ప్రతిపాదన, అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. చీరల సేల్‌కి అరపేజీ ఉంటుంది, బిల్డరుగారి టవర్లకి వరసగా మూడు పేజీలుంటాయి. మన ఇంట్లోకి ఎండ వస్తుందా, బోరులో నీళ్లుంటాయా, గల్లీలోకి అంబులెన్సు తిరుగుతుందా అన్నది తేల్చే ప్రకటనకి మాత్రం వేలెడు జాగా.

"పొద్దున్నే భూతద్దం పెట్టుకుని ఏం వెతుకుతారండీ, లాటరీ నంబరా?" అంటుంది మా ఆవిడ. లాటరీయే. తగిలేది మనకి కాదు, అంతే తేడా.

ముందే చెప్పేస్తాను. నేను రోడ్లు భవనాల శాఖలో ఉద్యోగం వెలగబెట్టి దిగిపోయిన ఇంజనీరుని. కాంక్రీటు మీద నాకు పగేమీ లేదు, నా పిల్లల చదువులు దాని మీదే గడిచాయి. ఊరు పెరగకూడదని మొండికేసే రకాన్నీ కాదు. బతకడానికి వచ్చే జనం ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. నేనూ అలా హైదరాబాదు వచ్చి పడ్డవాణ్ణే. నా గొడవ వేరే.

మా కాలనీ హౌసింగ్ సొసైటీ వేసిన లేఅవుటు. తలా 300 గజాలు, ముందు 30 అడుగుల రోడ్డు. మా రోజుల్లో సిమెంటు పర్మిట్ మీద దొరికేది. 1982లో కంట్రోలు కొంత సడలించేదాకా యాభై బస్తాల కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లం. ప్రభుత్వ గృహరుణం కూడా ఒక్కసారిగా చేతిలో పెట్టేవారు కాదు. పునాది లేచాక ఒక కిస్తు, లింటెల్ దాకా వచ్చాక ఒకటి, శ్లాబు పడ్డాక మిగతాది. అందుకని ఇళ్లూ నింపాదిగానే లేచేవి. షాబాద్ బండల వరండా, వెనక బావి, ప్రహరీ పక్కన కరివేపాకు చెట్టూ జామచెట్టూ. వీధి మొత్తానికి రెండు స్కూటర్లు.

ఆ నింపాదిలో ఒక సుఖం ఉండేది. పక్కవాడికి ఓ మాట చెప్పుకునే టైము దొరికేది. తూర్పుపక్క లెక్చరర్ గారు మేడ వేద్దామనుకున్నారు. ఓ సాయంత్రం ప్లాను కాగితం చుట్ట చుట్టుకుని, మేస్త్రీని వెంటబెట్టుకుని మా వరండాలోకి వచ్చారు. బండల మీద కాగితం పరిచి, గాలికి ఎగరకుండా మూలల్లో మా కాఫీ గ్లాసులే పెట్టారు. "ఇదిగో ఇంజనీరుగారూ, మేడమెట్లు ఇక్కడ వేస్తే మీ వంటింటి కిటికీకి ఎదురవుతాయి. ఎక్కేవాళ్ల, దిగేవాళ్ల కళ్లన్నీ చెల్లెమ్మ పొయ్యి మీదే ఉంటాయి. ఏం చేద్దామంటారు?" మా ఆవిడ తలుపు పక్కనుంచే, "వెనక్కి జరిపించండి అన్నయ్యగారూ" అంది. ఇంకో బీము పడుతుందని మేస్త్రీ గొణిగాడు. "పడనీవయ్యా" అన్నారాయన. మెట్లు వెనక్కి జరిగాయి. అడగమని ఆయనకి ఏ చట్టమూ చెప్పలేదు. అడగకపోతే మర్నాటి నుంచి మా మొహం ఎలా చూడాలా అన్నదే ఆయన చట్టం.

అలాగని మా రోజులన్నీ ఆణిముత్యాలని చెప్పను. మున్సిపాలిటీలో ప్లాను పాసవడానికి నెలలు పట్టేది. చైన్‌మన్ టేపు పట్టుకుని వస్తే ముందు టీ, ఆ తరవాత ఇంకోటి. చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ మింగేసి ప్రహరీకి ఆనించి బాత్రూం కట్టిన మహానుభావులు మా వీధిలోనే ఉన్నారు. నాలా గట్టు మీద మొదటి రేకుల షెడ్డు వేసిందీ మా తరమే. కాకపోతే తప్పు చేసినవాడు మన వీధిలోనే ఉండేవాడు. పాలబూత్ దగ్గర దొరికేవాడు, నిలదీస్తే నీళ్లు నమిలేవాడు. ఇప్పుడు కట్టేవాడు ఎక్కడుంటాడో తెలీదు. సైట్ బోర్డు మీద ఉన్న ఫోన్ నంబరు చేస్తే ఫ్లాట్ కావాలా సార్ అని అడుగుతారు.

చట్టాల సంగతికొస్తే, 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది, దాని వెంట పట్టణాభివృద్ధి సంస్థ, మన హుడా వచ్చింది. మాస్టర్ ప్లాన్ అంటే మాకు భక్తి. మ్యాపులో పసుపు పూస్తే అది ఇళ్ల జాగా, ఆకుపచ్చ పూస్తే పార్కు. ఆ రంగు చూసుకునే స్థలాలు కొన్నాం. ఆ చట్టంలోనే పన్నెండో సెక్షన్ అని ఒకటుందని, రంగు మార్చుకునే దారి అదేనని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దరఖాస్తు, ఫీజు, పేపర్లో ఆ వేలెడు ప్రకటన, ఆపైన జీవో. మార్చడమే తప్పని నేననను. ముప్ఫై ఏళ్ల కింద గీసిన గీత ఇవాళ్టికి సరిపోకపోవచ్చు. అయితే మొత్తం మ్యాపు ముందేసుకుని, ఊరికి ఏం కావాలో చూసి మార్చడం ఒకటి. ఎవరి ముక్క వాళ్లు పట్టుకొచ్చి రంగు మార్పించుకుపోవడం ఇంకొకటి. పసుపు గుడ్డకి నీలం మాసికలు వేసినట్టు తయారైంది ప్లాను.

పెద్ద ముక్కలకి పెద్ద జీవోలు. గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలకి కళ్లెం వేస్తూ 1996లో 111 జీవో ఇచ్చారు. 1908 మూసీ వరద ఊరిని ఊడ్చుకుపోయాక, మళ్లీ అలాంటిది రాకూడదని కట్టిన జలాశయాలవి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. జంట జలాశయాలకే దిక్కు లేకపోతే మా గల్లీ ఏపాటి!

మాలాంటి వీధులకి అసలు దెబ్బ 2006లో 86 నంబరు జీవోతో తగిలింది. స్థలం ఇంత ఉంటే ఇన్ని రెట్లకి మించి కట్టకూడదనేది ఎఫ్ఎస్ఐ లెక్క. బెంగళూరు, చెన్నై, ముంబైలలో ఏదో ఒక రూపంలో ఆ పట్టు ఇప్పటికీ ఉంది. హైదరాబాదులో దాన్ని వదిలేశారు. రోడ్డు వెడల్పు చూసుకో, చుట్టూ ఖాళీ వదులుకో, ఆపైన నీ ఇష్టం. 2012లో వచ్చిన 168 జీవోదీ అదే బాట. స్థలం పెద్దదై, 12 మీటర్ల రోడ్డుండి, చుట్టూ 7 మీటర్లు వదిలితే 21 మీటర్ల ఎత్తుకి పోవచ్చు. ఖాళీ వదులుతున్నారుగా తాతయ్యా, ఇంకేం కావాలి అంటాడు మా మనవడు. నాయనా, రోడ్డు వెడల్పు చూశారు సరే, ఆ రోడ్డు కింద పైపు వెడల్పు ఎవరు చూశారు?

లెక్చరర్ గారు పోయారు. వాళ్లబ్బాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి, "ఏమనుకోకండి అంకుల్, ఇల్లు చూసుకునేవాళ్లు లేరు, డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం" అన్నాడు. అతన్ని నేనేమీ అనను. ఫోన్ చేశాడు, అదే గొప్ప. అవతలి రెండు స్థలాలవాళ్లు అదీ చెయ్యలేదు. మూడూ కలిపితే 900 గజాలు. ముందు పెరట్లో నేరేడు చెట్టు పోయింది. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. వాళ్లు ఆదివారం పొద్దున్నే కొట్టేశారు. ఆదివారం ఆఫీసులుండవు కదా.

తరవాత సెల్లార్ గొయ్యి. మాది బండ నేల, గడ్డపారకి లొంగదు. రాక్ బ్రేకర్ మొదలైతే దేవుడి గదిలో దీపపు కుందులు వణికేవి. తూర్పు గోడలో కిటికీ మూలనుంచి వెంట్రుకవాసి పగులొకటి కనపడింది. పాత ఉద్యోగపు అలవాటు ఊరుకోనివ్వదు. పగులుకి అడ్డంగా చిన్న గాజుముక్క ప్లాస్టరుతో అంటించి, కింద పెన్సిల్‌తో తేదీ రాసి పెట్టాను. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. కదిలిందో, గాజు సాగదు కాబట్టి విరుగుతుంది. ఇంతకన్నా చవకైన సాక్షి లేదు. వారం తిరక్కుండానే గాజు నిలువునా రెండు ముక్కలైంది. సైట్ ఇంజనీరుని పిలిచి చూపించాను. మా అబ్బాయికన్నా చిన్నవాడు. గాజు వైపు కూడా చూడకుండా, "పాత బిల్డింగ్ కదా అంకుల్, నార్మలే" అన్నాడు. నా సర్వీసులో ఏ కాంట్రాక్టరైనా నాతో ఆ మాట అనుంటే కొలతల పుస్తకం మూసి జీపెక్కేసేవాణ్ణి.

ఇక రాత్రుళ్లు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఇళ్ల మధ్య శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు. శ్లాబు పడే రాత్రి రెడీమిక్స్ లారీలు, పంపు, వైబ్రేటరు, పైనుంచి కిందికి కేకలు. పగలు పెద్ద లారీలని ఊళ్లోకి రానివ్వరు, రాత్రి మమ్మల్ని పడుకోనివ్వరు.

పర్మిషన్ తీసుకున్నది ఫ్లాట్లకి. నాలుగో శ్లాబు పడ్డాక చూద్దుం కదా, బోర్డు లగ్జరీ హాస్టల్‌ది. 200 మంచాలట. నేను ఊరుకోలేక లెక్క వేశాను. మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు అన్నది మేం డిజైన్లలో వాడే ప్రమాణం. అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుందని పట్టుకుంటాం. మూడిళ్లలో కలిపి పదిహేనుమంది ఉన్న రోజుల్లో 1,620 లీటర్లు. 200 మందికి 21,600. గల్లీ కింద ఉన్నది అదే పాత ఆరంగుళాల స్టోన్‌వేర్ పైపు. ఒక్క హాస్టల్‌తో ఆ పైపు నిండిపోదు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ పైపులో సగం నలభై ఏళ్ల పూడిక. మేడల మీద వాననీళ్లన్నీ తెచ్చి అందులోనే కలుపుతారు. పైగా ఇలాంటివి మా వరసలోనే ఇంకో నాలుగు లేస్తున్నాయి. ప్రతి ఫైలునీ విడిగా చూస్తే అన్నీ సక్రమమే. అన్నీ కలిపి కూడే పని ఎవరిదో ఎవరికీ తెలీదు. వాన పడితే మా గేటు ముందు మ్యాన్‌హోల్ మూత తనంతట తానే లేస్తుంది.

ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు, కుర్చీ చూపించి మంచినీళ్లిప్పించాడు. కంప్యూటర్లో ఫైలు తెరిచాడు. చూసి ఒప్పుకోవాల్సిందే, మా కాలంకన్నా ఎన్నో రెట్లు నయం. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు ఇంటికి రూపాయి కట్టి రిజిస్టరు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు దాటకుండా ఉంటే సొంత పూచీ మీద వెంటనే అనుమతి. అంతకుమించితే 21 రోజుల్లో తేల్చాలి. పేదవాడు చైన్‌మన్‌కి టీ పొయ్యక్కర్లేదంటే నాకు సంతోషమే. బిల్డరు ప్లాను తప్పకుండా ఉండేందుకు కట్టిన దాంట్లో పది శాతం మున్సిపాలిటీ పేర తనఖా పెట్టించుకుంటారు. మేడ ఎత్తయితే అగ్నిమాపక శాఖని అడుగుతారు, విమానాలకి అడ్డమేమోనని విమానాశ్రయాన్ని అడుగుతారు. నేలకి అరవై అడుగుల పైన ఎగిరేవాళ్లకి అడ్డమవుతుందేమో కనుక్కుంటారు, ఆరడుగుల దూరంలో పడుకునేవాళ్ల సంగతి పట్టదు.

"ఇందులో పక్కింటివాళ్ల కాలమ్ ఏదీ?" అన్నాను.

"అలాంటిది లేదు సార్. పక్కవాళ్లని అడుగుతూ కూర్చుంటే ఊళ్లో ఒక్క ఇల్లూ లేవదు సార్."

అదీ నిజమే. పక్కవాడు కక్ష కొద్దీ సంతకం పెట్టడు, పెట్టడానికి డబ్బడుగుతాడు, ఇవన్నీ నాకు తెలుసు. నేను ఒప్పుకోలు అడగడం లేదు, కబురు అడుగుతున్నాను. గొయ్యి తవ్వే ముందు చుట్టూ ఉన్న నాలుగిళ్లకి ఒక కాగితం: ఇన్ని అంతస్తులు, ఇంత లోతు సెల్లార్, ఫలానా ఇంజనీరు, ఇదీ ఫోన్ నంబరు, గోడ పగిలితే బాధ్యత ఫలానావాళ్లది. రూపాయి కట్టించుకుని రిజిస్టరు చేసే కంప్యూటరుకి నాలుగు చిరునామాలకి నాలుగు ఉత్తరాలు పంపడం పెద్ద పనా?

పైగా అడ్డదిడ్డంగా కట్టినవాడికి ఎప్పుడూ ఒక ఆశ ఉంటుంది. 2007లో బీపీఎస్ వచ్చింది, 2015లో బీఆర్ఎస్ వచ్చింది. పార్టీ కాదు, అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం. ఫీజు కడితే తప్పు ఒప్పవుతుంది. ఆ ఫీజు ఖజానాకి పోతుంది, పోయిన గాలీ వెలుతురూ పక్కింటివాడి ఖాతాలోంచి. సెట్‌బ్యాక్ వదిలి బుద్ధిగా కట్టుకున్న లెక్చరర్ గారి లాంటివాళ్లు ఇదంతా చూసి ఏమనుకోవాలి?

మొదట్లో చెప్పానే, అలాంటి నాలుగు వరుసల ప్రకటనే ఈమధ్య మా కాలనీ మొదట్లో ఉన్న ఖాళీ జాగా మీద పడింది. సంక్షేమ సంఘం మీటింగ్ పెట్టాం. మెయిన్ రోడ్డు మీది ఇళ్లవాళ్ల మొహాల్లో వెలుగే వేరు. రోడ్డు కమర్షియల్ అయితే గజం రేటు ఎగురుతుంది. రోడ్డు మీదివాళ్లకి పండగ, లోపలి గల్లీవాళ్లకి దండగ. సంఘం కార్యదర్శిగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు తప్ప మాట్లాడలేదు. ఆయన తన స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చే మాటల్లో ఉన్నారని తరవాత తెలిసింది. అద్దెకుండే కుర్ర దంపతులు, "మాకెందుకంకుల్, అగ్రిమెంట్ అయిపోతే వెళ్లిపోతాం" అన్నారు. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచారు. "రేటు పెరిగితే మా వాళ్లు అమ్మేద్దామంటారు. ఈ వయసులో ఏ ఎనిమిదో అంతస్తులోనో నన్ను పెడతారు. లిఫ్ట్ అంటే నాకు భయం బాబూ." ఆవిడ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఆ సాయంత్రం విన్నవాటిలో అసలు మాట అదొక్కటే అని నా లెక్క.

నోరెత్తినా లాభం లేదనుకునేవాళ్లకి మాత్రం ఒకటి రెండు సంగతులు చెప్పాలి. నోయిడాలో ఓ కాలనీవాళ్లు, మాకు చూపిన ప్లానులో లేని జంట టవర్లు మా పక్కన ఎలా లేస్తాయని 2012లో హైకోర్టుకెక్కారు. 2021లో సుప్రీంకోర్టు కూల్చెయ్యమంది. 2022 ఆగస్టు 28న దాదాపు వంద మీటర్ల టవర్లు రెండూ క్షణాల్లో నేలకూలాయి. చండీగఢ్‌లో పాత సెక్టార్ల ఇళ్లని అంతస్తులవారీగా ముక్కలు చేసి అపార్ట్‌మెంట్లుగా మార్చడం కుదరదని 2023 జనవరిలో అదే కోర్టు చెప్పింది. అక్కడా కోర్టుకెక్కింది నివాసుల సంఘమే. 2024 డిసెంబరులో ఇంకో తీర్పులో, పాసైన ప్లాను నకలు సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టాలనీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేనిదే కరెంటూ నీళ్లూ ఇవ్వొద్దనీ ఆదేశించింది. మా పక్క సైట్‌లో ప్లాను ఎక్కడ పెట్టారని వాచ్‌మన్‌ని అడిగాను. "సార్ ఫోన్‌లో ఉంది సార్, సార్ ఊళ్లో లేరు సార్" అన్నాడు.

పదేళ్లు కోర్టుల చుట్టూ తిరగడం నా వయసువాళ్ల వల్ల కాదు. అది మీరు చెయ్యాల్సిన పని, నేను చెప్పగలిగింది దానికి ముందు పని. 'మాకు ఇష్టం లేదు' అని అభ్యంతరం రాస్తే దాన్ని చదివేవాడుండడు, కొలతలు రాయండి. మేం ఆ ఖాళీ జాగా మీద అలాగే రాశాం. దరఖాస్తులో 40 అడుగుల రోడ్డన్నారు. టేపు పెట్టి కొలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 33 వచ్చింది. ఆ ఒక్క కొలత మీదే ఫైలు ప్రస్తుతానికి ఆగి ఉంది. కాబట్టి మీ వీధి వెడల్పు మీరే మూడు చోట్ల కొలిచి రాసి పెట్టుకోండి. పక్క స్థలంలో గొయ్యి పడకముందే మీ గోడలన్నిటికీ తేదీతో ఫోటోలు తీసి ఉంచుకోండి. పేపర్లో ఆ లోపలి పేజీ వదలకండి. అభ్యంతరం ఇచ్చినప్పుడు నకలు మీద ముద్రా తేదీ వేయించుకోనిదే కౌంటరు దగ్గరనుంచి కదలకండి.